డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్నవారి కోసం మన ఊళ్లో ఒక బృందం: ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: నాలుగో తరగతి చదువుతున్న మీ అబ్బాయికి డిస్లెక్సియాతోపాటు (చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) ఏడీహెచ్‌డీ కూడా (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉందని ఈమధ్యే తేలింది. రాజమహేంద్రవరంలో థెరపీ కోసం వెళ్లే చోట పరిచయమైన నలుగురు తల్లులు, ఒక తండ్రి కలిసి ఒక బృందం పెట్టాలనుకుంటున్నారు. ఎవరిని పిలవాలి, ఎక్కడ కూర్చోవాలి, రిజిస్ట్రేషన్ చేయించాలా, పిల్లల్ని వెంట తీసుకురావచ్చా అన్నవి మీ సందేహాలు. నేను గుంటూరులో 19 ఏళ్లుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. అందులో 11 ఏళ్లుగా కొందరు తల్లిదండ్రులతో కలిసి ఇలాంటి బృందాన్ని నడుపుతున్నాను. మేము చేసి చూసినవీ, చేసి చెడగొట్టుకున్నవీ రెండూ రాస్తాను.

మీ ప్రశ్న చదివితే పిల్లల గురించి పెద్దలు కూర్చుని మాట్లాడుకునే చోటుగా మీరు ఈ బృందాన్ని ఊహిస్తున్నట్టు అనిపించింది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అయితే ఈ రెండు స్థితులూ కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తాయి. పైగా ఒకటి ఉన్నవారిలో నాలుగో వంతు నుంచి 40 శాతం మంది వరకు రెండోది కూడా కనిపిస్తుందని నిపుణులు సాధారణంగా చెబుతారు. అంటే మీ గదిలోకి వచ్చే తల్లిదండ్రుల్లోనే కొందరికి చదవడం కష్టంగా ఉంటుంది, కొందరికి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడం కష్టంగా ఉంటుంది. వారిలో చాలామందికి ఆ సంగతికి ఒక పేరుందని కూడా తెలియదు. అందువల్ల బృందం నడిచే తీరే అలాంటివారికి వీలుగా ఉండాలి. మిగతా ఏర్పాట్లన్నీ దీని తర్వాతే.

ఈ సంగతి నాకు తెలిసిన విధం చెబుతాను. మా మొదటి సమావేశానికి 34 మంది వచ్చారు. బ్యానరు కట్టాము, మైకు పెట్టాము, ఒక డాక్టరుగారు గంటన్నర సేపు ప్రసంగించారు, చివర్లో రెండు పేజీల నమోదు పత్రం పంచాము. మూడో నెలకు ఆరుగురమే మిగిలాము. ఆ ఆరుగురిలో ఒకాయన లారీ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. మొదటిరోజు ఆయన పత్రాన్ని చేతిలోకి తీసుకుని, వెనకా ముందూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, ‘కళ్లజోడు తేలేదండీ, ఇంటికెళ్లి నింపి పంపిస్తాను’ అన్నారు. తర్వాతి నెలా అదే మాట. వాట్సాప్‌లో నేను పెట్టే పొడవాటి ప్రకటనలకు ఆయన దగ్గరి నుంచి ఎప్పుడూ బొటనవేలి గుర్తు ఒక్కటే వచ్చేది. ఒకసారి తేదీ మార్చి ఆ సంగతి గ్రూపులో రాస్తే, ఆయన పాత తేదీకే వచ్చి, తాళం వేసిన గది ముందు నిలబడి నాకు ఫోన్ చేశారు. వెళ్లాను. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాము. చాలాసేపటికి ఆయన, ‘మావాడిది నా పోలికేనండీ. నాకు అక్షరాలు వచ్చు, కానీ ఒత్తులు వచ్చేసరికి లైను చెదిరిపోతుంది’ అన్నారు. పెళ్లయి పదిహేనేళ్లయినా భార్యకు కూడా చెప్పని మాట అది. చదవలేనివారికి సాయం చేద్దామని పెట్టిన బృందంలో మేము మొట్టమొదట చేసిన పని, ఆయన చేతికి రెండు పేజీల కాగితం ఇవ్వడం. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత నమోదు పత్రం తీసేశాము. కొత్తగా వచ్చినవారి పక్కన పాతవారు ఒకరు కూర్చుని, మాటల్లోనే నాలుగు వివరాలు తెలుసుకుని తామే రాసుకుంటారు. ప్రకటనలు గొంతుతో రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాము. అప్పుడు రెండో సమస్య వచ్చింది. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ డిస్లెక్సియా ఉన్నవారికి ఎంత హాయిగా ఉంటుందో, ఏడీహెచ్‌డీ ఉన్నవారికి అంత భారంగా ఉంటుంది. మొదటి నిమిషం వినేలోపే మనసు వేరే చోటికి వెళ్లిపోతుంది, అసలు కావలసిన తేదీ మూడో నిమిషంలో ఉంటుంది. ఒకే బృందంలో ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఈ సంగతి ముందే తెలుసుకుంటే మీకు చాలా ఇబ్బంది తప్పుతుంది. మేము చివరికి స్థిరపరచుకున్న పద్ధతి ఇది: వాయిస్ మెసేజ్ 40 సెకన్లు దాటకూడదు, తేదీ, వేళ, చోటు మొదటి పది సెకన్లలోనే రావాలి, దాని కిందనే అవే వివరాలు ఒక్క వరుసలో, అంకెలు అంకెల్లోనే ఉండేలా రాయాలి. సమావేశానికి ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ రోజు రెండు గంటల ముందు మరొకసారి గుర్తుచేయాలి. రెండోసారి గుర్తుచేయడం అనవసరమని కొందరు అంటారు. ఏడీహెచ్‌డీ ఉన్న ఇంటికి నిజంగా పనికొచ్చేది ఆ రెండోదే.

అచ్చువేసిన కాగితం ఎప్పుడైనా ఇవ్వవలసి వస్తే తెలుగు లిపి సంగతి గుర్తుపెట్టుకోండి. ఇంగ్లిషు కోసం చెప్పే సలహాలు మనకు సగమే పనికొస్తాయి. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసలు దగ్గరగా వేస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది, ఏది ఎవరిదో తెలియక చదివేవారి చూపు తడబడుతుంది. అక్షరం పెద్దది చేయడం కంటే వరుసల మధ్య జాగా పెంచడం వల్లే ఎక్కువ ఉపయోగం ఉన్నట్టు నేను చూశాను. ‘మ’కూ ‘య’కూ, ‘ప’కూ ‘వ’కూ, ‘ద’కూ ‘ధ’కూ మధ్య తేడా స్పష్టంగా కనిపించే ఫాంటు ఎంచుకోండి. అలంకారపు ఫాంట్లు పెళ్లి శుభలేఖలకు బాగుంటాయి, ఈ పనికి పనికిరావు.

ఇక సమావేశం. గంటన్నరకు మించకూడదు, మధ్యలో పది నిమిషాలు టీ ఉండాలి. ఎవరైనా ఎప్పుడైనా లేచి నిలబడవచ్చనీ, నడవవచ్చనీ, ఆలస్యంగా వచ్చినా సంజాయిషీ చెప్పనక్కర్లేదనీ మొదట్లోనే అందరికీ వినిపించేలా చెప్పండి. ఆలస్యానికీ మరుపుకీ జీవితమంతా తిట్లు తిన్నవారికి ఆ ఒక్క మాటతో భుజాలు దిగుతాయి, అది కంటికి కనిపిస్తుంది. వంతులవారీగా మాట్లాడించండి కానీ, ‘ఈసారికి వద్దండీ’ అని తప్పుకునే హక్కు ఉంచండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, బల్ల మీద అందరికీ కనిపించేలా ఇసుక గడియారమో ఫోన్ టైమరో పెట్టండి. నిపుణుల ప్రసంగాలు మూడు నెలలకు ఒకసారి, ఇరవై నిమిషాలకు మించకుండా చాలు. మిగతా సమయం అనుభవం ఉన్నవారిది. ‘హోంవర్క్ దగ్గర రోజూ రాత్రి ఏడుపులేనండీ’ అని ఒక తల్లి చెప్పినప్పుడు, మరో తల్లి ‘మా ఇంట్లో పది నిమిషాలు రాత, ఐదు నిమిషాలు తాడాట, అలా మూడుసార్లు చేస్తున్నాము’ అని ఇచ్చిన జవాబు నా ఉపన్యాసం కంటే ఎక్కువ ఇళ్లలో అమలైంది.

ఎవరిని పిలవాలన్న ప్రశ్నకు వస్తే, పెద్దయినవారిని తప్పకుండా పిలవండి. డిగ్రీ చదువుతున్నవారు, ఉద్యోగాల్లో ఉన్నవారు, తమ పిల్లలకు అసెస్‌మెంట్ చేయించాక తమ గతం అర్థమైన తల్లులు, తండ్రులు అందరూ రావాలి. ఆడపిల్లల్లో ఏడీహెచ్‌డీ చాలాసార్లు అల్లరిగా కాకుండా పరధ్యానంగా కనిపిస్తుంది. అందువల్ల ‘పగటి కలలు కంటుంది, కుదురు లేదు’ అన్న మాటలతోనే పెరిగి, ముప్పై ఏళ్లు దాటాక గాని అసలు సంగతి తెలియని స్త్రీలు మా బృందంలో చాలామంది ఉన్నారు. ఒక్క జాగ్రత్త: వీరిని ‘చూడండి, ఎంత పైకొచ్చారో’ అని వేదిక మీద నిలబెట్టకండి. వారికీ తమ కష్టం చెప్పుకునే చోటు కావాలి. మేము పెద్దవారికి విడిగా, గురువారం రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ పెట్టుకున్నాము. అందులో మాటలు తక్కువ. ఎవరి పెండింగ్ పని వారు ముందు పెట్టుకుని, కెమెరా ఆన్ చేసి, గంటసేపు ఒకరికొకరు తోడు కూర్చుంటారు. ఒకరు కరెంటు బిల్లు కడతారు, ఒకరు ఆఫీసు మెయిళ్లకు జవాబులు రాస్తారు, ఒకావిడ బట్టలు మడతపెడతారు. ఒంటరిగా అయితే నెలల తరబడి కదలని పనులు పక్కన ఒక మనిషి ఉంటే కదులుతాయి. హైదరాబాదు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకునే మన జిల్లాల పిల్లలు కూడా ఇందులో చేరుతున్నారు.

ఉపాధ్యాయులను కూడా పిలవండి, కానీ నిలదీయడానికి కాదు. ఒక గదిలో నలభై మంది పిల్లలున్న టీచరుకు తోచనిది మనం చెప్పగలగాలి: ముందస్తుగా చెప్పకుండా తరగతి ముందు గట్టిగా చదివించవద్దనీ, అక్షరదోషాలను పక్కనపెట్టి జవాబులోని విషయానికి మార్కులు వేయమనీ, బోర్డు మీది పాఠాన్ని ఫోటో తీసుకోనివ్వమనీ అడగండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి. అక్కడ పనిచేసే రిసోర్స్ టీచర్లకు ఊరిలోని పిల్లలందరూ తెలుసు. వారితో పరిచయం పెంచుకుంటే మీ దగ్గరికి రాలేని ప్రభుత్వ పాఠశాల పిల్లల కుటుంబాలు కూడా వస్తాయి. లేకపోతే ఇది ఫీజులు కట్టగలవారి బృందంగానే మిగిలిపోతుంది.

అమ్మకానికి వచ్చేవారి విషయంలో గట్టిగా ఉండండి. ఇలాంటి గ్రూపు ఏర్పడిన నెలలోపే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ శిక్షణలు, జ్ఞాపకశక్తి పొడులు, ‘మూడు నెలల్లో పూర్తిగా నయం’ అనే ప్యాకేజీలు మీ తలుపు తడతాయి. డిస్లెక్సియా నయమయ్యే జబ్బు కాదు. అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని వరుస క్రమంలో, ఓపికగా, చాలాకాలం నేర్పితే చదువు మెరుగుపడుతుంది. ఏడీహెచ్‌డీకి మందులు ఉన్నాయి, చాలామందికి అవి బాగా పనిచేస్తాయి, అయితే అవి డాక్టరు చూసి రాయవలసినవి. గ్రూపులో మందుల మోతాదులు చెప్పుకోవడాన్ని మేము పూర్తిగా నిషేధించాము. స్పెషల్ ఎడ్యుకేటర్ అయినా క్లినికల్ సైకాలజిస్ట్ అయినా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, నమోదు సంఖ్య అడిగి చూడండి. నిజంగా ఉన్నవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది వైకల్య సర్టిఫికెట్ గురించి కాబట్టి, దాని మీద మీ బృందంలో ఒకరైనా పట్టు సాధించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న కుటుంబానికి ఈ మాట మొదటే చెప్పాలి, లేకపోతే వారు ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిపోతారు. 2018 జనవరిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 8 ఏళ్లు నిండాకే ధ్రువీకరణ ఇస్తారు. మళ్లీ 14 ఏట, 18 ఏట పరీక్షించాలి. 18 ఏట ఇచ్చిన పత్రం జీవితాంతం చెల్లుతుంది. 2024 మార్చిలో మార్గదర్శకాలను సవరించారు కాబట్టి, వెళ్లే ముందు ప్రస్తుత నిబంధనను మెడికల్ బోర్డు దగ్గరే ఖాయం చేసుకోండి. పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్క్రైబ్, అంటే విద్యార్థి చెబుతుంటే జవాబులు రాసే మనిషి, సదుపాయమూ ఉంది. పదో తరగతి ఫీజు కట్టే నెలలో పరుగులు పెట్టడం కంటే ఎనిమిదో తరగతిలోనే పత్రాలు సిద్ధం చేసుకోవడం మంచిదని మీ వాళ్లందరికీ చెప్పండి. సదరం (వైకల్య నిర్ధారణ శిబిరం) స్లాట్ ఎలా దొరుకుతుంది, జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు ఏ రోజు ఉంటారు, ఏ కాగితాలు కావాలి అన్నది ఒకరు వెళ్లి తెలుసుకుని అందరికీ చెబితే ఇరవై కుటుంబాలకు ఇరవై రోజుల పని తప్పుతుంది. పనిచేసే బృందం అంటే ఇది అని నాకు అనిపించిన సందర్భాల్లో ఎక్కువ ఇలాంటివే.

చోటు విషయంలో ఆసుపత్రులనూ థెరపీ సెంటర్లనూ వదిలేయండి. అక్కడ ఎవరైనా తెలిసినవారు చూస్తారేమోనన్న భయం ఉంటుంది, పైగా బృందం ఆ సెంటరు ప్రచారంగా మారిపోతుంది. శాఖా గ్రంథాలయంలోని గది, ఆదివారం ఖాళీగా ఉండే పాఠశాల, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు సరిపోతాయి. మాకు ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. దాన్ని ఏ కారణానా మార్చము. ఒకసారి మార్చి ఏం జరిగిందో పైన చెప్పాను.

రిజిస్ట్రేషన్‌కు తొందర లేదు. మొదటి ఏడాది టీ ఖర్చు తలా కొంచెం వేసుకోండి. విరాళాలు తీసుకోవాలి, బ్యాంకు ఖాతా కావాలి అన్నప్పుడు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదు చేసుకోవచ్చు. అమెరికాలో ఉన్న బంధువులు డబ్బు పంపుతామంటారు, మన జిల్లాల్లో ఇది తప్పకుండా వచ్చే సందర్భం. వారు అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా తీసుకోకూడదు. భారత పౌరులుగానే ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే దాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. ఇలాంటివి ఆడిటరును అడిగి చేయండి.

ఫోటోల గురించి మాకు ఒక చేదు అనుభవం ఉంది. ఒక దాత సామగ్రి ఇచ్చి, పిల్లల్ని వరుసగా నిలబెట్టి తీసిన ఫోటోను పేర్లతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టారు. వారిలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి మర్నాటి నుంచి బడికి వెళ్లనంది. ఆ ఫోటోను ఫేస్‌బుక్ నుంచి తొలగింపజేసినా, ఆ అమ్మాయికి జరిగినది తీసివేయలేకపోయాము. అప్పటి నుంచి సమావేశంలో ఫోటోలు లేవు, గ్రూపులో పిల్లల పేర్లు, రిపోర్టులు పెట్టడం లేదు, అక్కడ విన్నది బయట చెప్పకూడదు. ఎవరి పిల్లవాడినైనా చూసి ‘మీవాడికీ ఇదే అయి ఉంటుంది’ అని తేల్చడం కూడా నిషేధమే. దాతలు అలిగినా సరే.

ఇంకొకటి ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఇంటర్ ఫలితాల రోజుల్లో మీకు అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. చిన్నప్పటి నుంచి మొద్దు, సోమరి అని విన్న పిల్లలు ఆ రోజు తట్టుకోలేకపోవచ్చు. అలాంటప్పుడు మనం సలహాదారులం కాకూడదు. ఇంట్లో ఒక మనిషిని తోడు ఉంచి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయించి, తెలిసిన సైకియాట్రిస్టు దగ్గరికి చేర్చాలి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఆ నంబరు సభ్యులందరి ఫోన్లలో ముందే సేవ్ చేయించండి.

పిల్లల్ని తప్పకుండా తీసుకురండి, కానీ పెద్దలు మాట్లాడే గదిలో కూర్చోబెట్టకండి. తమ లోపాల చిట్టా తల్లి నోట వినడం వారికి మంచిది కాదు. పక్క గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవారు ఉండాలి, ఒక్కరినే ఉంచవద్దు. అక్కడ చదువు ఊసు వద్దు. మట్టి, క్యారమ్స్, పాత రేడియో విప్పే పని, ఏదైనా సరే. మా గదిలో ఒకసారి తొమ్మిదేళ్ల పిల్లవాడు గోడ మీది పోస్టరు చదవబోయి ‘విద్యార్థి’ దగ్గర ఆగిపోయాడు. పక్కనున్న పదకొండేళ్ల అమ్మాయి చేతిలోని స్క్రూడ్రైవర్ ఆపకుండా, ‘నీక్కూడా ఒత్తులు దూకుతాయా? నాకు రోజూ దూకుతాయి’ అంది. వాడు ఆ సాయంత్రమంతా ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నాడు.

పన్నెండు మంది చేరేదాకా ఆగకండి, మీరు ఉన్న ఐదుగురితోనే మొదలుపెట్టండి. జూన్‌లో బడులు తెరిచాక రెండో వారం మంచి సమయం. ఫిబ్రవరి, మార్చిల్లో పరీక్షల భయంతో ఎవరూ రారు. నేను చెప్పిన ఆ మెకానిక్‌గారు ఇప్పుడు మా బృందంలో కొత్తవారిని పక్కన కూర్చోబెట్టుకుని వివరాలు అడిగే పని చూస్తున్నారు. తాను రాయరు, గొంతుతో రికార్డు చేసుకుంటారు, వాళ్లబ్బాయి ఇంటికెళ్లాక కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. ఆయన అడిగే నాలుగు ప్రశ్నల రికార్డింగ్, మా నియమాలున్న ఒక పేజీ మీకు కావాలంటే పంపిస్తాను. మీ జిల్లా ఆసుపత్రి బోర్డు రోజుల వివరం మాత్రం మీలో ఒకరు వెళ్లి కనుక్కోవలసిందే.